ఆయన చదవని వాక్యం

ఉగాది రోజు మా ఊళ్ళో పంచాంగం చదివేది మా పెదనాయన, అంటే మా నాన్నకు అన్న. మండికల్ దగ్గర ఊరు మాది. గుడి పని, చదువు మా ఇంట్లో తాతల నుంచి వచ్చినవి. ఆయనది గంభీరమైన గొంతేమీ కాదు. తొందర పడని గొంతు, అంతే. ఈ ఏడు వానలెట్లా ఉంటాయి, ఏ పంట కలిసొస్తుంది అని ఆయన చదువుతుంటే టమాటా రైతులు, పాడివాళ్ళు కదలకుండా వినేవారు. పంచాంగం వింటేనే పుణ్యం. మధ్యలో ప్రశ్న వేసే ఆచారం లేదు.

లాక్‌డౌన్ ఏడాది గుడి ముందు జనం చేరే వీల్లేక ఆయన పంచాంగాన్ని నా ఫోన్‌లో చదివారు. నేను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చింతామణి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, కాలేజీ మూసేశారని ఊళ్ళోనే ఉన్నాను. తన గొంతు బాగేపల్లి బంధువుల దాకా పోయిందని తెలిసి పెదనాయన చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

మరుసటి ఏడు జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. ఈసారి మా వీధిలోకే వచ్చింది. నేను రోజంతా ఫోన్‌లో పరిశోధన పత్రాలు చదివేదాన్ని. ఏదో ఒకటి తెలుసుకోకపోతే భయంతో పిచ్చెక్కేలా ఉండేది. ఒక మధ్యాహ్నం ఒక పత్రం దొరికింది. ఎక్కడైనా దొరికే ఒక మాత్రను జ్వరం మొదలవగానే వేసుకుంటే ఆస్పత్రి దాకా పోనక్కర్లేదని దాని సారాంశం. మాత్ర పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు కొనుక్కుంటారని భయం. పత్రం పైన చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: దీన్ని తోటి శాస్త్రజ్ఞులు ఇంకా పరిశీలించలేదు, వైద్యానికి దీన్ని ఆధారం చేసుకోవద్దు.

అదంతా తెలుగులో రాసి పెదనాయన చేతికిచ్చాను. నేను చెబితే టీచరమ్మ గోల అంటారు, ఆయన చదివితే వింటారు. ఆ హెచ్చరిక కూడా రాశాను, అంతమాత్రం బుద్ధి ఉండింది నాకు. ఫోన్‌లో రికార్డు నొక్కాను. ఆయన అందరికీ నమస్కారం చెప్పి, ఇది శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతి అని మొదలుపెట్టి, ఆ వాక్యం దగ్గర ఆగారు. దాని మీద వేలు పెట్టి, కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూశారు. పంచాంగం విప్పి, ఇది నిజం కాకపోవచ్చు అని ఎవరైనా మొదలుపెడతారా? అది వింటే జనం మిగతాది వినరని నాకూ అనిపించింది. వద్దని తల ఊపాను. ఆయన కాగితం మడత సర్దుకుని, కింది వాక్యం చదివారు. దాన్ని అట్లాగే గ్రూపులో పెట్టాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మర్నాడు పొద్దున పెదనాయన నా పక్కనే అరుగు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నారు. ఎదురింట్లోంచి ఆయన గొంతు వచ్చింది. అది ముగియకముందే పక్కింట్లో మళ్ళీ మొదలైంది. వీధి చివర ఇంకెక్కడో మధ్యలో నడుస్తోంది. మనిషి నోరు ఆకు నములుతోంది, గొంతు మూడిళ్ళలో మాట్లాడుతోంది. ఆయన నవ్వారు.

"ఇన్ని నోళ్ళు యాడివమ్మా నాకు?"

వారం తిరక్కుండానే అది ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి నాకే రావడం మొదలైంది. ఎవరో దాని ముందు గుడిగంట చప్పుడు చేర్చారు. పది మందికి పంపండి అని కింద రాశారు. ఎక్కడి నుంచి వచ్చినా ఆ ఆగిన చోట కాగితం చప్పుడు, ఒక ఊపిరి అలాగే ఉన్నాయి.

తర్వాత పెదనాయనకు జ్వరం వచ్చింది. మాత్ర వేసుకున్నారు. మూడోనాటికి మాట మధ్యలో ఆయాసం. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోదామన్నాను.

"ఏల భయపడతావమ్మా? ఆ మాత్ర మింగితే ఆస్పత్రి పని లేదని నువ్వే కదా రాసింది. ఊరందరికీ చదివి చెప్పి, నేనే ఆస్పత్రికి పోతే జనం ఏమనుకుంటారు?"

"దాన్ని ఎవరూ ఇంకా సరి చూడలేదు పెదనాయనా. తప్పు కూడా కావచ్చు."

"ఆ మాట చదవబోతేనే కదమ్మా, వద్దంటివి" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆయన్ని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. కారులో ఆయన తల నా ఒళ్ళో ఉంది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు, తిరిగి రాలేదు. ముందే తెచ్చి ఉంటే బతికేవారా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ చెప్పలేము అనే మాటతోనే బతుకుతున్నాను.

కర్మలు ముగిశాక ఆ వాక్యాన్ని నా గొంతుతో చదివి గ్రూపులో పెట్టాను. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, పరామర్శ అనుకున్నారేమో. దాన్ని ఎవరూ ముందుకు పంపలేదు. అక్కరకు రాని తెలివి నాది.

మొన్న వానలకు ఊళ్ళో ఏవో కొత్త జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున పాల డెయిరీ దగ్గర క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాను. నా ముందున్న ఆమె ఫోన్‌లో గుడిగంట మోగింది. పెదనాయన అందరికీ నమస్కారం చెప్పారు. అదే గొంతు. చనిపోయిన మనిషిది కాదు, ఎవరికో మంచి చెబుతున్నానని నమ్ముతున్న మనిషిది. క్యూలో అందరూ మాట ఆపేశారు.

శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతి అన్నారు. ఆగారు. కాగితం చప్పుడైంది. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నారు.

"దీన్ని ఎవరూ ఇంకా సరి చూడలేదు, నమ్మొద్దండి!" అని గట్టిగా అరిచాను.

ముందున్న ఆమె వెనక్కి తిరిగి నా చెయ్యి మెత్తగా పట్టుకుంది.

"ఉండమ్మా, పెద్దాయన చదువుతాండారు."