మూడు ఆదివారాల ప్రకటన

మొన్న సింగపూర్‌లో, సెరంగూన్ మాల్‌లోని ఫుడ్ కోర్టులో ఎవరో ఎండు నెత్తళ్ళ చేపలూ వేరుశనగ గుళ్ళూ కలిపి వేయిస్తున్నారు. ఆ వాసనకి కాళ్ళు ముందుకు కదల్లేదు. ఇంట్లో సినిమా పెట్టే ముందు రోజమ్మ ఆంటీ అవే వేయించేది. మలేసియాలో పుట్టిన తెలుగావిడ. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో ఇక్కడే యూ టీ అనే పేటలో ఆవిడ ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుండేదాన్ని. వయసులో ఉన్నప్పుడు సిస్టర్ అవుదామని కాన్వెంట్‌లో చేరి, రెండేళ్ళకి బయటికొచ్చేసిందట. "దేవుడు పొమ్మనలేదమ్మా, నేనే వచ్చేసినా" అని నవ్వేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొరియన్ సినిమా చూశాం. ఫాదర్ కాబోయే కుర్రవాడు ఓ అల్లరిపిల్ల ప్రేమలో పడి తిప్పలు పడే కథ. ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది. జోసెఫ్ అంతకంటే ఎక్కువ నవ్వాడు. అతనూ ఫాదర్ కావడానికి చదువుతున్నవాడే, ఆదివారాలు ఆంటీ ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. జోసెఫ్ అంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆంటీకి చెప్పక్కర్లేకపోయింది.

అతను వెళ్ళాక గిన్నెలు కడుగుతూ అంది: "వాడికి చెప్పేయమ్మా."

"దేవుడి దగ్గరికి వెళ్ళేవాణ్ణి ఆపడానికి నేనెవర్ని ఆంటీ?"

"ఆపమన్నానా? చెప్పమన్నా. తెలిసి పోతాడో, ఉంటాడో, వాడిష్టం లా!" మాట చివర ఆ "లా" మలేసియా వాళ్ళ అలవాటు.

ఫాదర్‌గా చేసే గురుపట్టానికి ముందు మా చర్చిలో, పెళ్ళికి చదివినట్టే, మూడు ఆదివారాలు ఆ కుర్రవాడి పేరు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలి. జోసెఫ్ పేరు చదివిన మొదటివారం ఆంటీ నావైపు చూసింది. రెండోవారం మోచేత్తో పొడిచింది. మూడోవారం అసలు చూడలేదు. లేచి అరవమని కాదు ఆవిడ ఉద్దేశం, చర్చి బయట అతనికి ఒక్క మాట చెప్పమని. నోరు మూసుకోవడమే త్యాగమనుకుని నా మంచితనానికి నేనే మురిసిపోయాను. నిజానికి అది భయం. కాదంటాడేమోనని కొంత, సరేనంటాడేమోనని ఇంకా ఎక్కువ.

పోయినేడు ఆంటీ చనిపోయింది. చర్చిలో అంత్యక్రియల పూజ చేసింది ఫాదర్ జోసెఫే. శవపేటికను కారులోకి ఎక్కించాక నా దగ్గరికొచ్చాడు.

"నా పట్టానికి ముందు ఆంటీ ఒక మాటన్నారు. నువ్వేదో చెప్పాలనుకుంటున్నావు, తొందరపెట్టొద్దని. ఆ మూడు వారాలూ కాచుక్కూర్చున్నాను. ఏంటది?"

అతని ముఖం ప్రశాంతంగా ఉంది. నిజం చెబితే ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు.

"కంగ్రాట్స్ చెబుదామనుకున్నాను, ఫాదర్" అన్నాను.

నా దగ్గర చదువుకునే అమ్మాయిలు మనసులో మాట చెప్పాలా వద్దా అని అడిగితే, ఆంటీలాగే, చెప్పేయమంటాను. వాళ్ళు వెళ్ళి చెప్పేస్తారు కూడా. నాకే ఇంకా చేతకాలేదు.