లినక్స్ వెర్షన్ వచ్చేదాకా

నా కోపం మొదట ఆ కంపెనీ మీద. రాయి చెక్కే యంత్రానికి కావలసిన బొమ్మను కంప్యూటర్లో తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఆ పనిలో ఉన్నవాళ్లందరూ దాదాపు అదే వాడతారు. అది విండోస్‌లో నడుస్తుంది, ఎవరైనా డబ్బు కట్టకుండా న్యాయంగా వాడుకోగల లినక్స్‌లో నడవదు. నంద్యాలలో నా షాపులో ఉన్న రెండు కంప్యూటర్లూ లినక్స్‌వే. లినక్స్‌కు కూడా ఒక వెర్షన్ చేయండని ఇంటర్నెట్లో వాళ్ల ఫోరంలో అడిగాను. నాకన్నా ముందు ఎందరో అదే పేజీలో అడిగి ఉన్నారు. "మీ సూచనకు ధన్యవాదాలు, మా బృందం దృష్టికి తీసుకెళ్తాం" అని అందరికీ ఒకటే జవాబు. ఆరేళ్ల కింద అడిగినవాడికి ఏం రాశారో నాకూ అదే రాశారు. కామా కూడా మారలేదు. చేయం అని ఒక్క మాట అంటే మా దారి మేం చూసుకునేవాళ్లం. ఆ మాట మాత్రం అనరు. మనిషిని గుమ్మంలో నిలబెట్టి, తలుపు తీయకుండా, పొమ్మనకుండా ఉంచడం ఏం మర్యాద?

ఈ కోపం నాలో ఇంకా తగ్గలేదు. కానీ గుమ్మంలో నిలబడింది నేనొక్కణ్ణే కాదు. నా వెనక ఒక పెద్దాయనను కూడా నిలబెట్టాను. అది కంపెనీ చేసిన పని కాదు.

సొంత షాపు పెట్టకముందు పదేళ్లు వేరేవాళ్ల దగ్గర డిజైన్ పని చేశాను. అక్కడ ప్రతి సాఫ్ట్‌వేరూ దొంగదే. తాళం విరగ్గొట్టి కాపీ చేసుకోవడం నేను నేర్చుకుని, ఇంకో పదిమందికి నేర్పాను. మా నాయన బడిపంతులు, ఆదివారం చర్చిలో పిల్లలకు దొంగతనం చేయొద్దనే ఆజ్ఞతో సహా పది ఆజ్ఞలూ చెప్పేవాడు. నా షాపు తెరిచినప్పుడు అదంతా వదిలేయాలనుకున్నాను, వదిలేశాను. అంతవరకు మంచిదే. అంతటితో ఊరుకోలేదు. ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడి, "దేవుడు నా షాపును శుభ్రం చేశాడు. ఇకమీదట లినక్స్ తప్ప ఇంకొకటి నా గడప తొక్కదు" అన్నాను. సంఘమంతా "ఆమెన్" అంది. బయటికొచ్చాక ఒక ముసలామె నా చేయి పట్టుకుని, "ఆ లినక్స్ అయ్యగారు యాడుంటారప్పా?" అని అడిగింది. ఇంటికెళ్లి నవ్వుకున్నాను. కానీ ఆ రోజు నుంచి సంఘంలో నాకొక పేరు వచ్చింది. ఆ పేరు నాకు చాలా రుచించింది.

ఆ తర్వాత ఏడాదికి ఆళ్లగడ్డ నుంచి ఆ పెద్దాయన వచ్చాడు. గుళ్లకు విగ్రహాలు చెక్కే శిల్పి. డెబ్బై దాటాయి. సుత్తి పట్టీ పట్టీ కుడిచేయి వణుకుతోంది. వెంట వచ్చిన కూతురు ఆయన దగ్గరే ఉలి పట్టడం నేర్చుకుంది, ఇప్పుడు రాయి చెక్కే యంత్రం కూడా ఆమే నడుపుతోంది. ముతక పని యంత్రం చేస్తుంది, నునుపు పని ఆమె చేస్తుంది. యంత్రానికి తన తండ్రి బొమ్మలే ఇవ్వాలని ఆమె పట్టుదల. ఆయన జీవితమంతా గీసిన కాగితాలు నలభైకి పైగా చుట్టచుట్టి తెచ్చారు. అహోబిలం నరసింహుల రూపాలే ఎక్కువ. నేను ఒక్కొక్కటీ పరిచి చూశాను. ఏ ముఖానికీ కళ్లు లేవు.

"కండ్లు కాగితం మీద గీయకూడదప్పా. మా ఇంట్లో ఆనవాయితీ. రాయి మీదనే, అదీ ఆఖర్న తెరుస్తాం" అన్నాడు పెద్దాయన.

"మరి కంప్యూటర్లో?"

"కాగితం వద్దన్నారు పెద్దోళ్లు. కంప్యూటర్ మాట వాళ్లు చెప్పలేదు గదా!" అని గట్టిగా నవ్వాడు. "నేను పక్కన కూచుంటా. చెప్తాంటా, నువ్వు దిద్దు. ఉగ్రానికి ఒక చూపు, శాంతానికి ఒక చూపు. ఇంతవరకూ ఈ పాపతో ఒక్క కన్నూ తెరిపించలేదు. నా చెయ్యి ఇంక సాగదు. బేగా అయిపోవాల."

అంటే ఆ పని జరగాలంటే కాగితాలు చాలవు, మనిషి పక్కన ఉండాలి. ఇది నాకు ఆ రోజే అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

"రెండు నెలలు ఆగండి, లినక్స్ వెర్షన్ వస్తోంది" అన్నాను. కంపెనీ ఆ మాట అనలేదు. ఫోరంలో ఎవడో ఊహించి రాశాడు. నేను దాన్ని వార్త చేసి చెప్పాను.

రెండు నెలలు రెండేళ్లయ్యాయి. నా మాట నమ్మి వాళ్లు ఇంకొకరి దగ్గరికి పోలేదు. విండోస్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌లో ఎట్లాగో నడిపించే చిట్కాలు ప్రయత్నించాను. తెరుచుకునేది, ముఖం సగానికి రాగానే కూలిపోయేది. లినక్స్‌లోనే నడిచే ఉచితమైనదీ ఒకటుంది. దానితో అద్భుతాలు చేసేవాళ్లున్నారు. వారం పాటు చూసి, ఇది వృత్తిపనికి పనికిరాదని పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే, అన్నేళ్లు పని చేశాక మళ్లీ అఆల నుంచి నేర్చుకోవడం నాకు నామోషీ అనిపించింది. ఫోరంలో తిట్టడానికి మాత్రం రోజూ గంట దొరికేది.

పెద్దాయన నంద్యాలకు ఏ పని మీద వచ్చినా షాపుకు వచ్చేవాడు.

"ఏమప్పా, కాన్పు అయిందా?"

"ఇంకా లేదు పెద్దాయనా."

"ఏనుగైనా ఇంతలోపల ఈనుతాది!"

ఇంకోసారి గోడ మీది బైబిల్ వాక్యాల కేలండర్ చూస్తూ, "మీ దేవునికి రూపమే లేదంటారు. మా దేవునికి నీ కంప్యూటర్లో రూపం లేదు. ఇద్దరూ సమానమే పో!" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వాల్సిన మాట కాదది.

చివరికి కూతురు తన లాప్‌టాప్ పట్టుకుని తండ్రితో పాటు వచ్చింది. విండోస్, అందులో ఆ సాఫ్ట్‌వేర్, నెలనెలా అద్దె కట్టి తీసుకున్నది. నా బల్ల మీద పెట్టింది.

"ఇందులో దొంగది ఏమీ లేదన్నా. రసీదు గూడా తెచ్చినా, సూడు. నాయన ఉండాడు, నువ్వు ఉండావ్. ఈ పొద్దే మొదలుపెట్టు."

"నా షాపులో విండోస్ పెట్టనమ్మా. సంఘంలో మాటిచ్చినా."

"మీ దేవుడు దొంగతనం చేయొద్దన్నాడా, విండోస్ తెరవొద్దన్నాడా? నీ కంప్యూటర్ ఏమన్నా పథ్యం చేస్తాందా ఏంది?"

నాకు ఒళ్లు మండింది. కంపెనీల బానిసత్వం గురించి, అద్దె సాఫ్ట్‌వేర్ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అందులో ప్రతి మాటా నిజమే. నిజాలు చెప్తూ కూడా మనిషి ఎంత తప్పు చేయగలడో అప్పుడు నాకు తెలియదు. ఆమె అడిగినదాన్ని మాత్రం దాటేశాను. ఆ లాప్‌టాప్ తెరవడం పాపం కాదు. తెరిస్తే పోయేది సంఘంలో నా పేరు, అంతే.

ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని లేచింది. పెద్దాయన నన్నే సమర్థించాడు.

"పోనీలేమ్మా. ఆయప్ప మాట మీద ఉండాడు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఎనిమిది నెలల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "నాయనకు కుడిపక్క పడిపోయిందన్నా. మాట రావడంలే. మనుషుల్ని గుర్తుపడతాండాడు, అంతే."

మరుసటి రోజు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఫోన్లో ఫోరం చూస్తూనే ఉన్నాను. ఇంకా ఎవరి మీదో కోప్పడాలని వెతుకుతున్నాను. కోప్పడాల్సిన మనిషి నేనే. సిగ్గు లేకుండా ఇంకొకరి కోసం చూస్తున్నాను.

వాళ్ల ఆవరణలో రాతిపొడి మీద యంత్రం నీళ్లు పారుతున్నాయి. ఆమె లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిది నెలల కింద ముట్టనని మొండికేసిన దాన్ని తెరిచి కూర్చున్నాను. సంఘం ఏమైనా అనుకుంటుందేమోనన్న ఆలోచన కూడా రాలేదు. అంత తేలికైన పని అది. లక్ష్మీనరసింహుని కాగితం ముందు తీశాను. షాపుకు తాళం వేసి తొమ్మిది రోజులు వెళ్లివచ్చాను. కొలతలన్నీ కాగితంలో ఉన్నాయి కాబట్టి జూలు, దవడ, అమ్మవారు కూర్చున్న తీరు కుదిరాయి. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో నా పక్కనే ఉన్నాడు. దవడ సరిగ్గా వచ్చినప్పుడు ఎడమచేత్తో నా భుజం తట్టాడు.

తొమ్మిదో రోజు కళ్ల దగ్గరికొచ్చాం. రెప్ప దించి చూపాను. తల అడ్డంగా ఊపాడు. ఎత్తాను. కాదన్నాడు. కనుకొస సాగదీశాను, తగ్గించాను. కాదు, కాదు. ఎడమచేతికి పెన్సిల్ ఇస్తే గీత కాగితం దాటి పోయింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ముఖమంతా ఎర్రబడింది. నేను ఇంకొకటి మార్చి చూపాను. ఈసారి అవునన్నట్టు తల ఊపాడు.

"అదేనా నాయనా?" అంది కూతురు సంతోషంగా. నేను పరీక్షించడానికి మొదట కాదన్న కళ్లనే మళ్లీ చూపాను. దానికీ ఊపాడు. ఆ తర్వాత ఏది చూపినా ఊపాడు.

"అలిసిపోయినాడన్నా. ఇంక సాలు" అంది ఆమె.

నేను కుర్చీ ముందు నేల మీద కూర్చుని ఆయన కాళ్లు పట్టుకున్నాను. "నన్ను క్షమించు పెద్దాయనా. నేను వస్తాదన్నది రాలేదు. రాదని నాకు తెలుసు. అయినా నిన్ను ఆపినా." ఆయన అలసటగా నా వైపు చూశాడు. విన్నాడో లేదో తెలియదు.

"ఆయన్ను యాల అడుగుతాండావ్?" అంది కూతురు. గొంతు పెంచలేదు. "నాయన ఎన్ని కండ్లు తెరవాల్నో అన్నీ తెరిచినాడు. రేపు ఆ రాయి ముందర ఉలి పట్టుకోని నిలబడేది నేను. ఒక్క చూపు గూడా నాకు చెప్పేవాళ్లు లేకుండా చేసినావ్. అడిగితే నన్ను అడుగు."

అడిగాను. ఆమె క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. యంత్రం దగ్గరికి పోయి నీళ్లు కట్టేసి వచ్చింది. తెర మీద కళ్లను చూపిస్తూ, "నువ్వు పెట్టినవి తీసెయ్. నునుపుగా వదిలెయ్. అవి రాయి మీద నేనే తెరుస్తా. తప్పయితే నా తప్పు అయితాది, నీది కాదు" అంది.

నేను వాటిని చెరిపేశాను. ఆమె ఆ ఖాళీని చాలాసేపు చూసి, తర్వాతి కాగితం తెచ్చి నా ముందు పరిచింది.