షేర్ ఆటోలో అడిగిన మాట

కరోనా రెండో ఏడాది, నాలుగు నెలల పాపకు టీకా వేయించడానికి, పరాయి రాష్ట్రంలో మేముండే లింబాయత్‌లో షేర్ ఆటో ఎక్కాను. పాప ఒళ్లో ఉన్నా నాకేమీ అనిపించేది కాదు. ఊరికే ఏడుపు వచ్చేది. నువ్వసలు తల్లివేనా అంటూ మా ఆయన కొట్టేవాడు. నిజమేనేమో అనుకునేదాన్ని.

నేను పాపను ఊరుకోబెడుతుంటే పక్కనున్న పెద్దామె తెలుగు మాట విని తిరిగి చూసింది. నా మోచేతి మీద కమిలిన చోటు ఆమె కంట పడింది. మాస్కు గడ్డం కిందికి గుంజి, "ఇంటాయన కొడ్తడా, బిడ్డా?" అని మెల్లగా అడిగింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. తలూపి, పాపను ఎత్తుకున్నా సంతోషం రావట్లేదని చెప్పాను.

"మా చిన్నబిడ్డకు గూడ కాన్పయినంక గిట్లనే అయింది. దెబ్బలు తినుకుంట ఉంటే మనసు యాడికెల్లి సంబురపడ్తది? నీ తప్పు గాదు. దవాఖానల సిస్టర్‌కు చెప్పు, మీ అమ్మకు చెప్పు. మా బిడ్డ ఇప్పుడు మంచిగున్నది."

అంతలో పాప ఆమె మాస్కు పట్టి లాగి వదిలింది. అది టప్పున గడ్డానికి తగిలింది. "అమ్మో, పోలీసు పిల్ల!" అని ఆమె నవ్వితే పాప కిలకిలమంది. నాకూ నవ్వొచ్చింది, కాన్పయ్యాక మొదటిసారి.

ఆ రోజే సిస్టర్‌కు చెప్పాను, అమ్మకు ఫోన్ చేశాను. సాయంత్రానికి అదే ఊళ్లో ఉండే అమ్మ వచ్చి మమ్మల్ని తీసుకుపోయింది. కొన్ని నెలలు డాక్టర్ దగ్గరికి తిరిగాను. ఆ ఇంటికి మళ్లీ పోలేదు. ఆ పెద్దామె పేరు కూడా అడగలేదు.

ఇప్పుడు ఆదివారాలు నేనూ పాపా పొద్దెక్కేదాకా ఒకే దుప్పట్లో పడుకుంటాం. అదే ముందు లేచి నా కనురెప్పలు వేళ్లతో తెరుస్తుంది. నేను మళ్లీ మూసుకుంటాను, ఇంకోసారి తెరవాలని.