కిటికీ పక్క సీటు

నోట్సు వెతకడానికి నేను రాసిన సెర్చ్ ప్రోగ్రామ్‌కి సర్వర్ లేదు. క్యాంపస్‌లో ఎవరి బ్రౌజర్లో వాళ్లు దాచుకున్న నోట్సును మిగతా బ్రౌజర్లు నేరుగా అడిగి తెచ్చుకుంటాయి. ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపే ఆ మనిషి నోట్సు దొరుకుతాయి. అందుకే హాస్టల్లో కనబడ్డవాణ్ణల్లా ట్యాబ్ మూయొద్దని బతిమాలాను. అందరికన్నా ఎక్కువ నోట్సు ఎక్కించినవాడు నా రూమ్మేటు. వాడికి నత్తి. మనుషుల్ని అడగడం కన్నా వెతుక్కోవడమే వాడికి సుఖం.

"నేనేం వెతికినా ఎవ్వరికి తెల్వదు గదా?" అని మొదటిరోజే అడిగాడు.

"తెలీదురా, ఒట్టు," అన్నాను.

ఒట్టేసిన పెద్దమనిషిని నేనే, ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టుకోవడానికని, వెతికిన ప్రతి మాటా నా స్క్రీన్ మీద పడేలా రాసుకున్నాను. ఏది ఎవరిదో తెలియాలిగా, లైబ్రరీలో కూర్చునే చోటును బట్టి ఒక్కో బ్రౌజరుకి పేరు కూడా పెట్టాను. వాడిది 'కిటికీ పక్క సీటు'. అందరి ముందూ డెమో ఇచ్చేలోపు ఇదంతా తీసేయాల్సింది. బద్ధకించాను.

సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ వెలగగానే అంతకుముందు వెతికిన మాటలన్నీ తెర మీద వరసగా దిగాయి. 'కిటికీ పక్క సీటు: వైవాలో నత్తి రాకుండా మాట్లాడటం ఎలా.' దాని కింద మళ్లీ అదే. ఆ కింద మళ్లీ అదే. వచ్చే వారమే వాడి వైవా. ఆ భయం వాణ్ణి ఇంతగా తినేస్తోందని పక్క మంచం మీద పడుకునే నాకే తెలియదు.

వాడు వెనక వరసలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. కిటికీ పక్కన కూర్చునేదెవరో, నత్తి ఎవరికో అందరికీ తెలుసు. ఎవరో కిసుక్కుమన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నలుగురితో కలిసిపోవాలన్న పిరికితనం, అంతకన్నా సాకు లేదు. ప్రొజెక్టర్ తీగ పీకేయడానికి క్షణం పట్టదు. పీకలేదు, అసలు వెతికి చూపించడం ఇంకా మిగిలే ఉంది మరి. చూపించాను. ఫలితాలు టకటకా వచ్చాయి. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం వాణ్ణి వెతుక్కుంటూ తార్నాక దాకా వెళ్లాను. మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. సారీ అన్నాను. సిగ్గుతో వాడి మొహం చూడలేకపోయాను.

"ట్యాబ్ మూసి ఎల్లిపోదామనుకున్న," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "సగం నోట్స్ నా దాంట్లనే ఉన్నయ్. మూస్తే నీ డెమో ఆగిపోతదని, అట్లనే కూసున్న."