అక్క నోటి ఊట

మా ఇంట్లో నేను చేసే పనికి ‘ఉమ్ము పని’ అని పేరు. పెట్టింది అక్క. నేను కరీంనగర్‌లో లాలాజల గ్రంథుల కణాల మీద పరిశోధన చేస్తాను, కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాను. అక్క ఆదిలాబాద్‌లో ఉంటుంది. బావ అక్కడి పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. మీ చెల్లె ఏం చేస్తదని ఎవరైనా అడిగితే, “మందితోని ఉమ్మిపిచ్చుకుంటది, దానికే సర్కారు జీతమిస్తది” అని పకపకా నవ్వేది.

నేను చూసేది చిన్న సంగతే. నాలుకకు పులుపు తగలగానే నరం ఆ కబురును గ్రంథికి చేరవేస్తుంది. గ్రంథిలోని కణం దాన్ని అందుకుంటుంది. లోపల క్యాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు కణం తనలో ఉన్నది బయటికి వదులుతుంది. కొన్ని కణాలు కబురు అందినా పలకవు. ఎందుకు పలకవన్నదే నా పరిశోధన. నా సగం జీవితం ఆ ప్రశ్న ముందే కూర్చున్నాను.

పని మొదలుపెట్టిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఉమ్ము కావలసి వచ్చేది. అక్క కరీంనగర్ వచ్చినప్పుడల్లా ఆమె చేతికి ఒక గాజు గొట్టం ఇచ్చి, ఎదురుగా ఉప్పు అద్దిన చింతకాయ పెట్టేదాన్ని. తిననిచ్చేదాన్ని కాదు. “ఊరిచ్చుడే గని పెట్టుడు లేదు, పాపం తాకుతదే నీకు” అని తిడుతూనే గొట్టం నింపేది. నాకు దొరికినవాటిలో అక్కదే మంచి నమూనా.

కొన్నేళ్లకు ఆ గొట్టం నిండటం మానేసింది. అక్క చింతకాయ వైపు చూసేది, గొంతు సవరించుకునేది, దవడలు ఆడించేది. అడుగున నాలుగు చుక్కలు పడేవి, అవీ తీగలు సాగుతూ. “ముచ్చట్లు బంద్ పెట్టి ఉమ్మరాదక్కా” అని విసుక్కున్నాను. ఆ తర్వాత ఒకసారి మా విద్యార్థినితో, “అక్కది పనికిరాదు, తీసెయ్. వేరేవాళ్లది తీసుకుందాం” అన్నాను. అక్క అక్కడే కూర్చుని ఉంది. “నా ఉమ్ము సుత పనికి రాకుంటైందా?” అని నవ్వింది. నేనూ నవ్వాను. పలకని కణాలను మైక్రోస్కోపులో వెతుకుతున్న దాన్ని, పలకని నోరు ఎదురుగా వచ్చి కూర్చుంటే నమూనా బాగాలేదనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆదిలాబాద్‌లో అక్క జొన్నరొట్టెను బాకరి అంటుంది. అత్తగారింటి నుంచి వచ్చిన మరాఠీ మాట. ఒకప్పుడు వేడి బాకరిని ఉల్లికారంతో కరకరా నమిలేది. తర్వాత తర్వాత పప్పులో నానబెట్టి తినడం మొదలుపెట్టింది. ముద్ద ముద్దకూ నీళ్లు తాగేది. కళ్లలో ఇసుక పడ్డట్టుందని నలుపుకునేది. ఇల్లు మిల్లు పక్కనే కాబట్టి అందరూ పత్తి దుమ్ము అన్నారు. నేనూ దుమ్మే అన్నాను. కిటికీలు మూసుకొమ్మని సలహా కూడా ఇచ్చాను.

చివరికి పంటి నొప్పికి వెళితే అక్కడి డాక్టర్, నోట్లో తడి లేదని చెప్పి కరీంనగర్ పంపాడు. అక్కను ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఉమ్మూ కన్నీళ్లూ ఊరే గ్రంథుల మీద పడి తినేస్తున్నాయని తేలింది. పెద్ద డాక్టర్‌కు నా పని తెలుసు. “మీరు ఈ రంగంలోనే ఉన్నారు కదా మేడం, ఎప్పటి నుంచి ఇట్ల ఉంది?” అని నన్నే అడిగాడు. ఎప్పటి నుంచో నాకంటే బాగా ఎవరికి తెలుసు!

“ఈ మధ్యనే సార్” అన్నాను.

అక్క నా దిక్కు చూసింది. ఆటోలో మిల్లు ముచ్చట్లు చెప్పింది. తిట్టినా బాగుండేది.

మిగిలి ఉన్న కణాలను పలికించే గోలీలు రాశారు. మేం ల్యాబులో కణాల మీద చుక్కలు చుక్కలుగా వేసేది కూడా అలాంటి మందే. “గీ గోలి ఏసుకుంటే ఊరుతదా చెల్లె? ఒక్కసారి మల్ల బాకరి ఉత్తగ నమలాలె” అని అడిగింది. ఊరుతుందన్నాను. పలికించడానికి ఎన్ని కణాలు మిగిలాయో నాకు తెలియదు. నేను ఆ గొట్టాన్ని పక్కన పెట్టిన నాటికైతే చాలానే ఉండి ఉంటాయి.

కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసింది. “చెమటలు పోస్తున్నయే, రైక తడుస్తున్నది. నోరు ఒక్కటే తడుస్తలేదు.” చెమట గ్రంథులు కూడా ఆ గోలీ కబురే వింటాయి. అక్కకు అవి బాగానే ఉన్నాయి. ఇదంతా నేను ఫోన్‌లో చక్కగా వివరించాను. అక్క మొత్తం విని, “మంచిగ చెప్తవే నువ్వు” అంది.

అంతలోనే పలకని కణాల మీద నేను రాసిన వ్యాసం అచ్చయింది. కాలేజీలో శాలువా కప్పారు. ఆ ఫోటో ఎవరో అక్కకు పంపారు. మొన్న ఆదిలాబాద్ వెళ్లేసరికి గడపలోనే ఆపేసింది. “అందరి కండ్లు నీ మీదనే వడ్డయి, ఆగు” అని వంటింట్లోకి వెళ్లి, పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చింది. దిష్టి తీయించుకోవడానికి నాకు అర్హత లేదని చెప్పాలనిపించింది. ఈలోపే అక్క నా తల చుట్టూ తిప్పి, పిడికిలి నా మూతి దగ్గర పెట్టింది.

“ఉమ్ము. మూడుసార్లు.”

ఎండిపోయి పగిలిన ఆమె పెదవులు నా ఎదురుగా ఉన్నాయి. నా నోటి నిండా నీళ్లు. వాటిని మింగేసి, థూ థూ థూ అని ఉత్త గాలి వదిలాను.

అక్క పిడికిలి దించలేదు.

“ఉత్తగ అంటే దిష్టి పోదే. నువ్వు ఉన్నదానివి గద, మంచిగ ఉమ్ము.”

ఉమ్మాను.