మగవాళ్ల కడియం

అరబ్బుల వీధి మలుపు తిరగకముందే పచ్చి సున్నం వాసన ముక్కుకు తగిలింది. రేవు పక్కన కూలడానికి సిద్ధంగా ఉన్న ఆ పాత మేడలను బాగుచేసి జనానికి చూపిస్తున్నారని తెలిసి, మోకాళ్ల నొప్పుల్ని కూడా లెక్కచేయకుండా నెల్లూరు నుంచి ఆటో కట్టించుకొని పోయాను. కమాను గుమ్మాలు, చెక్క జాలీల కిటికీలు, నడుమ నీళ్ల తొట్టి ఉన్న లోవాకిళ్లు, అన్నీ పెళ్లికి ముస్తాబైనట్టున్నాయి.

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో మా నాన్న ఆ రేవులో ధాన్యం వ్యాపారం చేసేవాడు. నాకు తొమ్మిదేళ్లు. నా ప్రాణస్నేహితురాలు ఫాతిమా ఇల్లు ఆ వీధిలోనే. ఓడల మీద అరబ్బు దేశాలు తిరిగిన వాళ్ల ముత్తాత అక్కడి ఇళ్ల మాదిరిగా కట్టించాడట. తలుపుకు రెండు కడియాలుండేవి: టింగుమనే సన్నది ఆడవాళ్లు కొట్టడానికి, దడదడలాడే లావుది మగవాళ్లకు. మోతను బట్టి లోపల ఎవరు తలుపు తీయాలో తెలిసేది. ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లని గచ్చు మీద మేం అచ్చనగాయలాడుతుంటే, ఫాతిమా నాయనమ్మ బీబమ్మవ్వ ఆకువక్క నములుతూ మా తొండి పట్టేది, ఖర్జూరాలు పెట్టేది, గింజలు ఎక్కడంటే అక్కడ ఉమ్మితే చెవి మెలేసేది.

ఒక రంజాన్ ముందురోజు నా బుద్ధి గడ్డి తింది. లావు కడియం పట్టుకొని బలమంతా పెట్టి బాదాను. లోవాకిట్లో నేతిలో సేమ్యా వేయిస్తున్న ఆడవాళ్లు, పరాయి మగవాళ్లెవరో వచ్చారనుకొని, కొంగులు కప్పుకుంటూ గదుల్లోకి పరుగో పరుగు! ఇంట్లో మగవాళ్లు లేరు. నేను నవ్వాపుకోలేక బాదుతూనే ఉన్నాను. ఈలోగా పండగ సేమ్యా కాస్తా బొగ్గయింది.

మాడు వాసనకు తెగించి బీబమ్మవ్వే తలుపు తీసింది.

"ఏందిమే, నువ్వా! మొగోళ్ల కడియం యెందుకు కొట్టినావు? ఇంక మా గడప తొక్కబాక!"

పాయసం పోతే పోయింది, ఫాతిమా పోయిందే అని ఇల్లు చేరి వెక్కివెక్కి ఏడ్చాను. మర్నాడు పొద్దెక్కినా గుమ్మం దాటలేదు. వీధిలోకి ఎన్నడూ రాని బీబమ్మవ్వ, బురఖా వేసుకొని, ఫాతిమా చేత పాయసం గిన్నె పట్టించుకొని మా ఇంటికే వచ్చింది.

"కడియాల జోలికే పోబాక తల్లీ. 'అవ్వా, నేనొస్తుండా' అని ఓ కేకెయ్. నీ గొంతు మాకు తెలీదా?"

అప్పటినుంచి ఆ ఇంటికి తలుపు కొట్టకుండా పోయేదాన్ని నేనొక్కదాన్నే. అబ్బో, ఎంత గర్వమో! వీధంతా అదిరేలా కేక పెట్టేదాన్ని. నేను చేరేసరికి తలుపు తీసి ఉండేది.

ఫాతిమా వాళ్లు మద్రాసు వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటింది. అవ్వ ఏనాడో పోయింది. వాళ్ల ఇంట్లో ఆడవాళ్ల లోవాకిట్లో ఇప్పుడు ఆడా మగా ఫోటోలు దిగుతున్నారు. నలుగురూ నవ్వుతారని తెలిసి కూడా గుమ్మంలో నిలబడి గొంతెత్తాను.

"అవ్వా, నేనొస్తుండా!"

కాపలా ఆయన పరుగున వచ్చాడు. "ఈడ ఎవురూ ఉండరమ్మా. తలుపు తీసే ఉండాది, ఎవురైనా పోవచ్చు."

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. 'ఎవరైనా' వరసలో నేనూ చేరి లోపలికి నడిచాను.