కోటు మీద లేని దారం

“మళ్లీ అదే దారమా?” అన్నాను.

“అదే టీచరుగారూ. ఎంత దులిపినా పోదు” అంది రఫూరాణి, లేతరంగు కోటు భుజాన్ని గోటితో గీకుతూ.

ఆ పేరు నేను పెట్టిందే. చిరిగిన బట్టని అతుకు కనపడకుండా దారం దారం అల్లి పూడ్చడం, అంటే రఫూ, ఆమె పని. మా మేడమెట్ల కింద ఇరుకు గదే ఆమె కొట్టు. ఒక దీపం, ఒక పీట, సూదులు గుచ్చిన మైనపు ముద్ద, నా కబుర్లకో కుర్చీ. ఉద్యోగం మానేశాక నాకు వినేవాళ్లు కరువయ్యారు. చేతిలో పని ఉంటుంది గనక ఆమె ఒక్కతే పారిపోలేదు.

సికిల్ సెల్ ఆమెకి పుట్టుకతోనే ఉంది. నెత్తురులో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కునే జబ్బు అది. ఆమెకి నొప్పులు ఎప్పుడో గానీ రావు. తేలిక రకమేలే అని గుండెల మీద చెయ్యేసుకుని ఉన్నాం.

ఆ రోజు విసుగెత్తి కత్తెర తీసి దారాన్ని కత్తిరించింది. దారం అలాగే ఉంది. కోటు భుజం తెగింది.

“ఒక్కసారి గోడకేసి చూడు” అన్నాను.

“గోడ మీదా ఉంది” అంది మెల్లగా. “నేనెటు చూస్తే అటే వస్తోంది.”

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చుక్కలు వేసి చాలాసేపు చూసింది. “కంటి వెనక పొర అంచులకి నెత్తురు అందడం లేదమ్మా. ఆకలేసిన ఆ చోటు, నాళాలు కావాలని కబురు పెడుతోంది. ఒళ్లు వాటిని పెంచుతోంది కూడా. కానీ అవి పలచనివి, గట్టితనం లేదు. ఒకటి చిట్లి నెత్తురు కారింది. మీరు దారం అనుకున్నది అదే.”

“అంటే నా ఒళ్లే నాకు రఫూ చేస్తోందన్నమాట. అదీ నాసిరకం దారంతో.”

డాక్టరమ్మ నవ్వింది గానీ ఉన్నమాట దాచలేదు. ఆలస్యమైతే పొర ఊడి చూపే పోవచ్చు. లేజరుతో ఆ ఆకలి చోట్లని కాలిస్తే కబుర్లు ఆగుతాయి, కొత్త నాళాలు ముడుచుకుంటాయి.

“కబుర్లు ఆపేదైతే ముందు మా టీచరుగారికి పెట్టండి” అంది మా రాణి.

అలా అంటూనే నా చెయ్యి వదల్లేదు. బయట బెంచీ మీద కూర్చున్నాక, “సూదిలో దారం ఎక్కించలేకపోతే నేనేం చేసుకు బతకను?” అంది.

లేజరు అయింది. కంట్లో నెత్తురు కిందికి దిగాలని తల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకునేది. అది నెమ్మదిగా కరిగింది. నిన్న కొట్టుకి వెళితే, ఆ కోటు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

“నేనెక్కడ కోశానో చూపించండి.”

అద్దాలు పెట్టుకుని, తీసి, వెలుతురుకి తిప్పి వెతికాను. దొరకలేదు.

“కోటాయనకి చెప్పావా?”

“చెప్పాను. ఆయనకీ దొరక్క, నేను అబద్ధమాడుతున్నానంటాడు.”

సూదిలో దారం ఒక్క పోటుకి ఎక్కించి, తల ఎత్తకుండా అంది. “డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. నొప్పులు తక్కువుండే మా రకానికే కంటి గొడవ ఎక్కువట. ఏ బాధా లేకపోయినా ఏటా చూపించుకోవాలట. మా తమ్ముడిదీ నా రకమే.”

తమ్ముడు లారీ నడుపుతాడు.

“చూపించుకోరా అంటే, ‘గుండ్రాయిలా ఉన్నాను, నాకేమే’ అంటాడు. మీరంటే మాత్రం ఇప్పటికీ హడల్.”

ఉండదూ మరి. ఎక్కాలు రాక నా తరగతిలో ఎన్నిసార్లు బెంచీ ఎక్కాడో. ఇవాళ వాడు భోజనానికి బండి ఆపే వేళ చూసి ఫోన్ చేస్తాను. నేను మొదలుపెట్టాక మధ్యలో పెట్టేసే ధైర్యం వాడికి లేదు.